రోడ్డు సైక్లింగులో ఫామ్

రోడ్డు సైక్లింగు పందాలలో పాల్గొనే క్రీడాకారుని శరీరం, మనసు ఒక నిర్ణీత సమయానికి పోటీకి ఎంతవరకు సిద్ధంగా ఉన్నాయో తెలిపే మాట ఫామ్. ఈ క్రీడ అభిమానుల చర్చలు ఎక్కువగా రెండు విషయాల చుట్టూ తిరుగుతాయి. మొదటిది, ఫలానా క్రీడాకారుడు ఇప్పుడు ఫామ్‌లో ఉన్నాడా అన్నది. రెండవది, అతని స్వభావం ఎటువంటిది అన్నది. ఈ రెండూ ఫలితాల పట్టికలో నేరుగా కనిపించవు కాబట్టి ఆ వాదనలు ఒక పట్టాన తెగవు. హైదరాబాదుకు దక్షిణాన శంషాబాదు, రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం చుట్టుపక్కల రోడ్లపై తెల్లవారుజామున సైకిలు తొక్కేవారికి ఫామ్ అనేది టీవీలో చూసే విషయమే కాక, సొంత కాళ్ళలో తెలిసే విషయం కూడా.

పదం - అర్థం

తెలుగువారికి ఫామ్ అనే మాట క్రికెట్ ద్వారా పరిచయం. వరుసగా పరుగులు చేస్తున్న బ్యాట్స్‌మన్ ఫామ్‌లో ఉన్నాడని, తక్కువ పరుగులకే అవుటవుతుంటే ఫామ్ కోల్పోయాడని అంటారు. అక్కడ ఫలితాన్ని చూసి ఫామ్‌ను చెబుతారు. రోడ్డు సైక్లింగులో ఈ మాటకు ఇంకొంచెం నిర్దిష్టమైన అర్థం ఉంది. నెలల తరబడి చేసిన సాధన వల్ల వచ్చిన సామర్థ్యం నిలిచి ఉండి, ఆ సాధన వల్ల కలిగిన అలసట మాత్రం తీరిపోయిన స్థితిని ఫామ్ అంటారు. కనుక ఒక పందెం కూడా గెలవని క్రీడాకారుడు మంచి ఫామ్‌లో ఉండవచ్చు. నాయకుని కోసం రోజంతా గాలికి ఎదురు తొక్కి, చివరకు నూరవ స్థానంలో గమ్యం చేరిన సహాయకుడు ఆనాడు అందరికంటే బలంగా ఉండి ఉండవచ్చు.

ఫామ్ ఏర్పడే విధానం

సాధన చేసిన ప్రతిరోజూ శరీరంలో రెండు మార్పులు జరుగుతాయి. ఒకటి సామర్థ్యం పెరగడం, రెండవది అలసట పెరగడం. సామర్థ్యం నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుంది. అలసట త్వరగా పెరిగి త్వరగా తగ్గుతుంది. ఈ ఆలోచనకు 1970లలో కెనడాకు చెందిన ఎరిక్ బానిస్టర్ గణిత రూపం ఇచ్చాడు. నేడు శిక్షకులు వాడే లెక్కలలో సామర్థ్యానికి సుమారు 42 రోజుల సగటును, అలసటకు సుమారు 7 రోజుల సగటును తీసుకోవడం పరిపాటి. మొదటిదానిలోనుంచి రెండవదానిని తీసివేస్తే మిగిలేదే ఫామ్.

ఈ లెక్కను బట్టి పెద్ద పందేనికి ముందు వారం, రెండు వారాలు సాధనను తగ్గిస్తారు. అయితే విశ్రాంతి మరీ ఎక్కువైతే అలసటతో పాటు సామర్థ్యం కూడా తగ్గిపోతుంది. అందుచేత ఫామ్ శిఖరస్థాయిని ఏడాది పొడవునా నిలుపుకోవడం సాధ్యం కాదు. క్రీడాకారులు సంవత్సరంలో ఒకటి రెండు పందాలను లక్ష్యంగా పెట్టుకొని వాటికి సరిపోయేటట్లు సాధన చేస్తారు. సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్లు, అంతకంటే ఎక్కువ ఎత్తున ఉండే కొండ ప్రాంతాలలో కొన్ని వారాలు గడపడం కూడా ఈ సన్నాహంలో భాగం. స్పెయిన్ దేశపు టెనెరిఫె ద్వీపంలోని టైడే పర్వతం, సియెర్రా నెవాడా పర్వతాలు ఇందుకు పేరు పొందాయి. ఎత్తైన చోట ప్రాణవాయువు తక్కువగా అందడం వల్ల శరీరం ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారుచేసుకుంటుంది.

సన్నాహానికి మధ్యలో ఆటంకం కలిగితే ఏమవుతుందో 2023 టూర్ డి ఫ్రాన్స్‌లో కనిపించింది. స్లొవేనియాకు చెందిన తదేయ్ పొగాచర్ ఆ ఏడాది ఏప్రిల్‌లో లీజ్-బాస్తోన్-లీజ్ పందెంలో పడిపోయి మణికట్టు ఎముక విరగ్గొట్టుకున్నాడు. జూలైలో టూర్ మొదటి రెండు వారాలు ప్రత్యర్థి యోనాస్ వింగెగార్డ్‌కు దీటుగా నిలిచాడు. మూడవ వారంలో కోల్ డి లా లోజ్ కనుమ ఎక్కేటప్పుడు అతని శక్తి పూర్తిగా సన్నగిల్లింది. ఆ ఒక్కరోజే వింగెగార్డ్ కంటే 5 నిమిషాల 45 సెకన్లు వెనుకబడ్డాడు. మరుసటి సంవత్సరం పరిస్థితి తారుమారైంది. 2024 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు పందెంలో వింగెగార్డ్ పడిపోయి కాలర్ ఎముక, పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తికి గాయమై ఆసుపత్రి పాలయ్యాడు. అయినా మూడు నెలలు తిరగకముందే టూర్‌లో పాల్గొని, పొగాచర్ తరువాత రెండవ స్థానంలో నిలిచాడు. ఇద్దరి మధ్య తేడా 6 నిమిషాల 17 సెకన్లు. ఆ రెండవ స్థానం ఓటమి అవుతుందా, ఘనకార్యం అవుతుందా అన్నది అభిమానులలో చాలాకాలం నడిచిన వాదన.

కొలిచే పద్ధతులు

పెడలు తొక్కేటప్పుడు వెలువడే శక్తిని వాట్లలో కొలిచే పరికరాన్ని పవర్ మీటర్ అంటారు. దీనిని 1980లలో జర్మనీకి చెందిన ఉల్రిక్ షోబరర్ రూపొందించాడు. కొండలు ఎక్కే శక్తిని పోల్చడానికి వాట్లను క్రీడాకారుని బరువుతో భాగిస్తారు. ఉదాహరణకు 65 కిలోల మనిషి 390 వాట్ల శక్తి చూపితే కిలోకు 6 వాట్లు అవుతుంది. ప్రపంచ స్థాయి కొండవీరులు ఇటువంటి శక్తిని అరగంటకు పైగా నిలుపుకోగలరు. సరదాకు తొక్కేవారిలో చాలామందికి గంటసేపు కిలోకు 2 నుండి 3 వాట్లు నిలుపుకోవడమే కష్టం.

జట్లు తమ క్రీడాకారుల లెక్కలను సాధారణంగా బయటపెట్టవు. అందువల్ల అభిమానులు కొండ పొడవు, వాలు, పట్టిన సమయం తీసుకొని శక్తిని అంచనా వేస్తారు. గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కారు అన్నది మరో కొలత. ఈ అంచనాలను జాగ్రత్తగా తీసుకోవలసి ఉంటుంది. వెనుకగాలి వీచినా, ఇతరుల వెనుక నీడలా తొక్కినా అదే శక్తితో తక్కువ సమయంలో ఎక్కవచ్చు. ఎండ తీవ్రత, అంతకుముందు దాటిన కనుమల సంఖ్య కూడా ఫలితాన్ని మారుస్తాయి.

కంటికి కనిపించే లక్షణాలు

అనుభవం గల ప్రేక్షకులు అంకెలు లేకుండానే ఫామ్‌ను పసిగట్టడానికి ప్రయత్నిస్తారు. గుంపులో ముందువైపు శ్రమ లేకుండా నిలవడం, భుజాలు ఊగకపోవడం, వాలు పెరిగినా సీటు మీదనుంచి లేవకుండా ఒకే లయలో తొక్కడం మంచి ఫామ్‌కు గుర్తులుగా భావిస్తారు. గుంపు చివరకు జారిపోవడం, మలుపు దాటిన ప్రతిసారీ ముందువారిని అందుకోవడానికి ఆయాసపడటం అలసటకు గుర్తులు.

ఈ గుర్తులు మోసం చేసే అవకాశం కూడా ఉంది. 2001 టూర్‌లో ఆల్ప్ ద్యూయెజ్ కొండకు వెళ్ళే రోజున అమెరికాకు చెందిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ దారి పొడవునా అలసిపోయినట్లు నటించాడు. అది నమ్మి ప్రత్యర్థి జాన్ ఉల్‌రిక్ జట్టు ముందుండి వేగం పెంచి తన బలమంతా ఖర్చు చేసుకుంది. చివరి కొండపై ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కసారి వెనుదిరిగి చూసి, ముందుకు దూసుకుపోయాడు. నాడు ప్రేక్షకులు దానిని గొప్ప ఎత్తుగడగా మెచ్చుకున్నారు. అతని నటన ఆ ఒక్క రోజుకు పరిమితం కాదని 11 సంవత్సరాల తరువాత తేలింది.

క్రీడాకారుల స్వభావం

ముందు వెళ్ళే సైకిలు వెనుక తొక్కేవారికి గాలి తాకిడి బాగా తగ్గుతుంది. గుంపులో ఉన్నవారికి పావువంతు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ శ్రమ ఆదా అవుతుంది. ఈ క్రీడలో స్వభావం బయటపడటానికి మూలం ఇదే. గెలవాలంటే ఇతరుల సాయం కావాలి, ఆ ఇతరులలో ప్రత్యర్థులు కూడా ఉంటారు. ఎవరు ముందుండి గాలిని కోయాలి, ఎవరు వెనుక నక్కి బలం దాచుకోవాలి, పడిపోయినవాని కోసం ఆగాలా వద్దా అన్న నిర్ణయాలు అందరి కళ్ళ ముందే జరుగుతాయి.

ఫ్రాన్సుకు చెందిన జాక్ ఆంక్తీల్, రేమండ్ పులిదోర్‌ల పోటీ ఇందుకు పాత ఉదాహరణ. ఆంక్తీల్ ఎంత అవసరమో అంతే కష్టపడి, లెక్క ప్రకారం గెలిచేవాడు. టూర్‌ను ఐదుసార్లు గెలిచిన మొదటి వ్యక్తి అతడే. పులిదోర్ మూడుసార్లు రెండవ స్థానంలోను, ఐదుసార్లు మూడవ స్థానంలోను నిలిచాడు. నాయకుడు ధరించే పసుపు జెర్సీని ఒక్కరోజు కూడా తొడుక్కోలేదు. 1964లో పుయి ద డోమ్ కొండపై ఇద్దరూ భుజం భుజం తగిలేటంత దగ్గరగా తొక్కారు. చివరకు పులిదోర్ ముందుకు వెళ్ళినా, ఆంక్తీల్ 14 సెకన్ల ఆధిక్యంతో జెర్సీని కాపాడుకొని, పారిస్‌లో 55 సెకన్ల తేడాతో గెలిచాడు. అయినా ఫ్రెంచి ప్రజల ప్రేమ మాత్రం ఎక్కువగా పులిదోర్‌కే దక్కింది.

1986లో బెర్నార్డ్ ఇనో, గ్రెగ్ లెమాండ్ ఒకే జట్టులో ఉన్నారు. అంతకు ముందు సంవత్సరం తన ఐదవ విజయానికి లెమాండ్ సహకరించినందున ఈసారి అతనికి తోడ్పడతానని ఇనో మాట ఇచ్చాడు. పందెం మొదలైన తరువాత మాత్రం పదేపదే తానే ముందుకు దూసుకుపోయాడు. చివరకు లెమాండ్ గెలిచి, టూర్ గెలిచిన మొదటి అమెరికావాసి అయ్యాడు. లెమాండ్‌ను దృఢపరచడానికే తాను అలా చేశానని ఇనో సమర్థించుకున్నాడు. ఆల్ప్ ద్యూయెజ్ శిఖరం వద్ద ఇద్దరూ చేయి కలిపి గమ్యం దాటిన దృశ్యం స్నేహమా, నటనా అని అభిమానులు నేటికీ వాదించుకుంటారు.

2022లో పిరనీస్ పర్వతాలలో ఒక దిగుడు వద్ద పొగాచర్ జారి పడ్డాడు. పసుపు జెర్సీలో ఉన్న వింగెగార్డ్ వేగం తగ్గించి అతను వచ్చేదాకా వేచి ఉన్నాడు. పొగాచర్ దగ్గరకు చేరి చేయి అందించాడు. అదే రోజు చివరి కొండపై వింగెగార్డ్ అతనిని ఓడించాడు. వృత్తి క్రీడాకారుడు కాకముందు వింగెగార్డ్ డెన్మార్కులో చేపలను శుభ్రపరిచి పెట్టెలకెత్తే కర్మాగారంలో పనిచేశాడు. పెద్దగా మాట్లాడని ఇతనిని, నవ్వుతూ ప్రతి పందెంలోను తలపడే పొగాచర్‌ను పోల్చడం ఈ తరం అభిమానులకు ఇష్టమైన విషయం. అయితే ఇంటర్వ్యూలో ముభావంగా ఉన్నంత మాత్రాన మనిషి చల్లని వాడని, నవ్వినంత మాత్రాన కష్టం లేనివాడని అనుకోవడం సరికాదు. ఐదు గంటలు కొండలు ఎక్కి దిగిన మనిషి మైకు ముందు పలికే రెండు మాటలు అతని స్వభావానికి పూర్తి కొలత కావు.

ఫామ్ కోల్పోవడం, తిరిగి పొందడం

బ్రిటన్‌కు చెందిన మార్క్ కావెండిష్ 2016 నాటికి టూర్‌లో 30 దశలు గెలిచాడు. ఎడ్డీ మెర్క్స్ నెలకొల్పిన 34 దశల రికార్డుకు చేరువలో ఉండగా 2017లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకింది. తరువాత తీవ్రమైన మానసిక కుంగుబాటుకు కూడా లోనయ్యానని అతడు బహిరంగంగా చెప్పాడు. కొన్నేళ్ళ పాటు పెద్ద విజయం లేకపోవడంతో అతని పని అయిపోయిందని చాలామంది తేల్చివేశారు. 2021లో చివరి నిమిషంలో జట్టులో చోటు దక్కి, నాలుగు దశలు గెలిచి మెర్క్స్ సరసన చేరాడు. 2023 టూర్‌లో పడిపోయి కాలర్ ఎముక విరిగింది. 2024 జూలై 3న, 39 ఏళ్ళ వయసులో 35వ దశ గెలిచి రికార్డును తన పేరిట వ్రాసుకున్నాడు.

నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ దుమొలాన్ దారి వేరు. 2017లో ఇటలీ యాత్రగా పేరొందిన జీరో డి'ఇటాలియా గెలిచిన ఇతడు, తనకు ఏమి కావాలో తెలియడం లేదంటూ 2021 జనవరిలో క్రీడకు కొంతకాలం విరామం ప్రకటించాడు. కొన్ని నెలల తరువాత తిరిగి వచ్చి టోక్యో ఒలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో రజత పతకం సాధించాడు. 2022లో శాశ్వతంగా విరమించుకున్నాడు. ఫామ్ అనేది కాళ్ళకు, ఊపిరితిత్తులకు మాత్రమే సంబంధించినది కాదని ఈ ఇద్దరి జీవితాలు తెలుపుతున్నాయి.

డోపింగు - అభిమానుల నమ్మకం

అసాధారణమైన ఫామ్ కనిపించిన ప్రతిసారీ అనుమానం కూడా తలెత్తడం ఈ క్రీడ చరిత్ర మిగిల్చిన భారం. 1967లో బ్రిటన్‌కు చెందిన టామ్ సింప్సన్ మండుటెండలో మోఁ వాంతూ పర్వతం ఎక్కుతూ కుప్పకూలి మరణించాడు. అతని శరీరంలో ఉత్తేజక మందు ఆంఫెటమిన్ ఆనవాళ్ళు దొరికాయి. 1990లలో ఎర్ర రక్తకణాలను పెంచే ఇ.పి.ఓ. అనే మందు విరివిగా వాడబడింది. 1998లో ఫెస్టినా జట్టు ఉదంతంతో ఇది బయటపడింది.

కాన్సరు వ్యాధిని జయించి 1999 నుండి 2005 వరకు వరుసగా ఏడుసార్లు టూర్ గెలిచిన ఆర్మ్‌స్ట్రాంగ్ కథ ప్రపంచమంతటా ఎందరికో ఆదర్శమైంది. 2012లో ఆ ఏడు విజయాలు రద్దు చేయబడ్డాయి. 2013 జనవరిలో అతడు నిషిద్ధ మందులు వాడినట్లు ఒప్పుకున్నాడు. అంతకాలం అతనిని అనుమానించినవారిని అసూయాపరులని నిందించిన అభిమానులు తలదించుకోవలసి వచ్చింది. 2008లో ప్రవేశపెట్టిన జీవ పాస్‌పోర్టు పద్ధతిలో క్రీడాకారుని రక్త వివరాలను ఏళ్ళ తరబడి నమోదు చేసి, అసహజమైన మార్పులను గుర్తిస్తారు. ఆధారం లేకుండా నిందించడం, ఆధారం ఉన్నా నమ్మకపోవడం రెండూ తప్పే కనుక, ఈ క్రీడను ఇష్టపడేవారు ఆ రెండింటి నడుమ జాగ్రత్తగా నడవవలసి ఉంటుంది.

శంషాబాదు ప్రాంతంలో రోడ్డు సైక్లింగు

టూర్ డి ఫ్రాన్స్ దశలు భారత కాలమానం ప్రకారం సాధారణంగా సాయంత్రం మొదలై రాత్రి 9 గంటల ప్రాంతంలో ముగుస్తాయి. కనుక హైదరాబాదు అభిమానులు రాత్రి పందెం చూసి, మర్నాడు తెల్లవారకముందే సైకిలు మీద బయలుదేరే వీలుంది.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం, అదే సంవత్సరం నవంబరులో గచ్చిబౌలి-శంషాబాదు మధ్య ఔటర్ రింగు రోడ్డు మొదటి భాగం ప్రారంభమయ్యాయి. మొత్తం 158 కి.మీ. పొడవు గల ఈ రింగు రోడ్డు ప్రధాన మార్గంపై సైకిళ్ళకు అనుమతి లేదు. సైకిలు తొక్కేవారు దాని పక్కనున్న సర్వీసు రోడ్లను, హిమాయత్ సాగర్ పరిసర మార్గాలను, శంషాబాదు నుండి కొత్తూరు, షాద్‌నగర్‌ల వైపు సాగే బెంగుళూరు రహదారిని, తుక్కుగూడ మీదుగా వెళ్ళే శ్రీశైలం రహదారిని ఉపయోగిస్తారు.

ఇక్కడ ఆల్ప్స్ వంటి కొండలు లేవు. హైదరాబాదు నగరం సగటున సుమారు 540 మీటర్ల ఎత్తున ఉండగా, విమానాశ్రయం 617 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎక్కుడు కంటికి ఆనదు కాని కాళ్ళకు తెలుస్తుంది. అసలు పరీక్ష పెట్టేది గాలి. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల కాలంలో షాద్‌నగర్ వైపు వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, తిరుగు ప్రయాణంలో వెనుకగాలి ఉంటుంది. విమానాశ్రయపు రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానాలు సాధారణంగా గాలికి ఎదురుగానే ఎగురుతాయి, దిగుతాయి కాబట్టి వాటి దిశను చూసి గాలి ఎటు వీస్తున్నదో చెప్పవచ్చు. వెనుకగాలితో గంటకు 35 కి.మీ. వేగం అందుకొని తమకు ఫామ్ వచ్చిందని సంబరపడినవారికి, మలుపు తిరగగానే ఎదురుగాలి అసలు లెక్క చెబుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలలో సూర్యోదయం తరువాత ఎక్కువసేపు తొక్కడం ప్రమాదకరం.

పోటీగా కాక దూరాన్ని నిర్ణీత సమయంలో పూర్తి చేసే బ్రెవె యాత్రలు కూడా హైదరాబాదు నుండి జరుగుతాయి. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాల ప్రకారం భారతదేశంలో వీటిని ఆడాక్స్ ఇండియా రాండొన్యూర్స్ పర్యవేక్షిస్తుంది. 200 కి.మీ. దూరాన్ని 13 గంటల 30 నిమిషాలలో, 300 కి.మీ. 20 గంటలలో, 400 కి.మీ. 27 గంటలలో, 600 కి.మీ. 40 గంటలలో పూర్తి చేయాలి. ఒకే సంవత్సరంలో ఈ నాలుగూ పూర్తి చేసినవారిని సూపర్ రాండొన్యూర్ అంటారు. ఇందులో స్థానాలు, బహుమతులు ఉండవు. ముందు వచ్చినవారు, గడువుకు నిమిషం ముందు వచ్చినవారు సమానమే. అర్ధరాత్రి టైరు పంక్చరైన తోటివాని కోసం ఆగేదెవరో, చూడనట్లు సాగిపోయేదెవరో ఇక్కడ కూడా తెలుస్తుంది.

ఈ రోడ్లపై భారీ వాహనాల రద్దీ, ఎదురు దిశలో వచ్చే వాహనాలు, వెలుతురు లేని చోట్లు సైకిలు వారికి ప్రధాన ప్రమాదాలు. హెల్మెట్, ముందు వెనుక దీపాలు, మెరిసే పట్టీలు గల జాకెట్టు తప్పనిసరి అవసరాలు. 2023 అక్టోబరు 1న రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పు గల 23 కి.మీ. సైకిలు మార్గం ప్రారంభించబడింది. ఇది నానక్‌రాంగూడ నుండి పోలీసు అకాడమీ వరకు 8.5 కి.మీ., నార్సింగి నుండి కొల్లూరు వరకు 14.5 కి.మీ.గా రెండు భాగాలుగా నిర్మించబడింది. ప్రారంభించినప్పుడు దాని పైకప్పు సామర్థ్యం 16 మెగావాట్లు. వాహనాల భయం లేకుండా ఒకే వేగంతో తొక్కగల చోటు దొరికితే తప్ప సాధన క్రమంగా సాగదు, సాధన సాగనిదే ఫామ్ రాదు. శంషాబాదు వైపు రోడ్లపై మాత్రం సైకిలు తొక్కేవారు ఇప్పటికీ వాహనాల మధ్యనే దారి చూసుకుంటున్నారు.

ఇవి కూడా చూడండి

టూర్ డి ఫ్రాన్స్
శంషాబాదు
రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం
ఔటర్ రింగు రోడ్డు, హైదరాబాదు
సైకిలు